కార్డుకు మూఢం తెల్వదు

మూఢం వచ్చిందంటే లాల్‌దర్వాజలో ఆ మేడ మీద మాటలు పెరుగుతాయి, పని తగ్గుతుంది. 2026 జనవరిలో ఒక శనివారం సాయంత్రం నేను మెట్లెక్కి వెళ్లేసరికి నాలుగు మగ్గాల్లో రెంటి మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. మిగతా రెంటి మీద ఇద్దరు కారీగర్లు తల వంచుకుని జాకెట్ చేతులకు దబ్కా, కుందన్లు కుడుతున్నారు. ఆసారి శుక్రమూఢం నవంబర్ ఆఖరున పట్టింది, ఫిబ్రవరి నడిమి దాకా వదలలేదు. ముహూర్తాలు లేకపోతే పెళ్లిళ్లు లేవు, పెళ్లిళ్లు లేకపోతే మగ్గం పని జాకెట్లు ఎవరికి కావాలి?

ఆ కార్ఖానా నడిపే ఆవిడకు నలభై దాటాయి. ఆమె మేనమామ పత్తర్‌గట్టీ దుకాణాల్లో జీవితమంతా లెక్కలు రాశాడు. రిటైరై ఎన్నేళ్లయినా బజారులో ఆయన ఇంకా మున్షీ సాబే. నాకు పాత స్నేహితుడు. ఇద్దరి పేర్లూ రాయను. పాతబస్తీలో అప్పు మాట పేరుతో సహా బయటికొస్తే మర్నాడు సరుకు పుట్టదు.

మేనకోడలు ఏడాది లెక్కలు సరిచూడమని కాగితాలు ముందు పెట్టింది. మామ కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ దగ్గర ఆగిపోయాడు. నేను చాయ్ తాగి పోదామని వచ్చినవాణ్ని, రాత్రి తొమ్మిదింటి దాకా కదల్లేకపోయాను.

మామ: ఏందే బిడ్డా ఇది? కట్టాల్సింది రెండు లక్షలు అని పైన ఉంది. కింద పదివేలు కడితే చాలు అని ఉంది. ఏది నిజం?

మేనకోడలు: రెండూ నిజమే మామా. పదివేలు మినిమం డ్యూ. అది కడితే లేట్ ఫీజు పడదు, పేరు చెడదు. మిగిలింది మళ్ల కట్టుకోవచ్చు.

మామ: మిగిలిందానికి మిత్తి?

మేనకోడలు: నెలకు మూడున్నర.

మామ: నూటికి మూడున్నర. దాని మీద జీఎస్టీ 18 శాతం వేసిండ్రు చూడు, ఈ గీత కింద. అంటే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. గౌలిపురల రోజు కిస్తీ ఫైనాన్సోని రేటు ఇది. ఆయనకు నువ్వు భయపడ్తవ్. ఈ కార్డుకు ప్లాస్టిక్ కవర్ వేసి పర్సుల పెట్టుకున్నవ్.

(బ్యాంకు నుంచి మామూలు అప్పు తీసుకుంటే వడ్డీ మీద జీఎస్టీ ఉండదు. క్రెడిట్ కార్డు వడ్డీ మీద ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా కార్డు వాడుతున్న నాకు ఆ రోజు దాకా ఈ తేడా పట్టలేదు.)

మేనకోడలు: పూర్తి బిల్లు కట్టినోళ్లకు మిత్తే లేదు మామా. అది మాత్రం నువ్వు చెప్తలేవు. బిల్లు తేదీ ఇరవై. ఇరవై ఒకటో తారీఖు సరుకు కొంటే మళ్ల నెల ఇరవైకి బిల్లులకు వస్తది, ఆ తర్వాత ఇంకో ఇరవై రోజులకు కట్టుడు. మొత్తం యాభై రోజులు ఊకెనే వాడుకోవచ్చు. ఏ సేట్ ఇస్తడు యాభై రోజులు మిత్తి లేకుండ?

మామ: పందొమ్మిదో తారీఖు కొంటే?

మేనకోడలు: ఇరవై ఒక్క రోజులు.

మామ: మరి జరీ కొనేది నీ ఇష్టమున్న రోజునా, గిరాకీ వచ్చిన రోజునా?

ఆమె జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్లి చాయ్ కప్పులు తెచ్చింది. అయితే ఆమె ఓడిపోయిందని నేను అనుకోలేదు. కప్పులు పెడుతూనే మొదలుపెట్టింది.

మేనకోడలు: పదేండ్ల కింద నేను ఒక్క మగ్గం తోని మొదలువెట్టిననాడు గుర్తుందా? గుల్జార్ హౌజ్ దిక్కు జరీ దుకాణానికి పోయినం, నువ్వు నేను. ఉద్దెర అడిగింది నేను. సేట్ జవాబు చెప్పింది నీకు. నా మొఖం గూడ చూడలే. మున్షీ సాబ్ జామీను ఉంటె ఇస్త అన్నడు. నా పనితనం సూడలే, నా నమూనాలు ముట్టలే. ఇగ కార్డు ఇచ్చిన పోరడు నా రిటర్నులు చూసిండు, ఉద్యమ్ సర్టిఫికెట్ చూసిండు, మూడు లక్షల లిమిట్ ఇచ్చిండు. ఎవరి కోడలివి, ఎవరి బిడ్డవి అని అడగలే. ఆ రోజు నేను ఇంటికొచ్చి ఏడ్చిన మామా, సంతోషానికి.

మామ: (కాసేపటికి) ఆ సేట్ తప్పే. కాదంటలేను.

మేనకోడలు: నీ బజారు ఉద్దెర మంచిదే, లోపల ఉన్నోళ్లకు. బయట నిలబడ్డోళ్లకు తలుపే లేదు. కార్డు ఒక తలుపు.

మామ: తలుపే. ఏ ఇంటి తలుపో చూసుకో మరి. బిజినెస్ కార్డు, బిజినెస్ కార్డు అంటవు. బిజినెస్ ఏడుంది?

మేనకోడలు: ఏడుందంటే? నువ్వు కూసున్నది ఏడ?

మామ: బోర్డు మీద ఉంది. చట్టంల లేదు. నీది ప్రొప్రైటరీ. కార్ఖానా పాన్, నీ పాన్ ఒక్కటే. రేపు కార్డు బాకీ పడితే మగ్గాలు అమ్మి తీర్చుకొమ్మని ఎవడూ అనడు. నీ ఇంటి మీదికి వస్తరు, నీ మెడల ఉన్నదాని మీదికి వస్తరు. పెద్ద పెద్ద ప్రైవేట్ లిమిటెడ్‌లకే డైరెక్టర్ల సొంత గ్యారంటీ సంతకం తీసుకుంటరు, నీదెంత? ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే నిన్ను చిన్న పరిశ్రమ అంటరు గని, నిన్నూ నీ పరిశ్రమనూ వేరు చెయ్యరు.

మేనకోడలు: సేట్ బాకీ అయితే వేరుంటదా? అది గూడ నా మెడలదే గదా.

మామ: సేట్ బాకీ పాప చదువు లోన్‌కు అడ్డం రాదు. ఇది వస్తది. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోపాలి సిబిల్ లాంటోళ్లకు లెక్క పోతున్నది. మొదలు నెలకోపాలి పోతుండె. మూఢంల నువ్వు ఒక్క కిస్తీ తప్పితే, శ్రావణంల నీ బిడ్డ కాలేజీ ఫీజుకు బ్యాంకుకు పోయిననాడు గుర్తు చేస్తది.

మూఢం మాట రావడంతో ఆమె ముఖం మారింది. అసలు నొప్పి అక్కడే ఉందని నాకూ అప్పుడే అర్థమైంది. ఆమె సరుకు పోయేది కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ బొటిక్‌లకు. కొన్ని జాకెట్లు కొరియర్‌లో డాలస్ దాకా పోతాయి. బొటిక్ వాళ్లు చాలా మటుకు డబ్బు పెళ్లిళ్ల సీజన్ అయ్యాకే ఇస్తారు. చిన్న పరిశ్రమకు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో బాకీ తీర్చాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. అలా తీర్చకపోతే ఆ ఖర్చును ఆ ఏటి ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోనివ్వరు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన 43బీ(హెచ్) అదే. ఆ సెక్షన్ నంబర్ ఆమెకు నోటికి వచ్చు. ఏ బొటిక్ ముందూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే తర్వాతి ఆర్డరు పక్క గల్లీకి పోతుంది.

మామ: నా బాధ మిత్తి గాదే. నీకు అర్థమైతలేదు. లాడ్ బజార్ల గాజులోళ్లకు సరుకు ఇచ్చేటోడు పైసలు ఎప్పుడు అడుగుతడు? ఈద్ అయినంక. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందటికి జరుగుతది. నేను లెక్కలు రాయవట్టినప్పుడు ఎండకాలంల ఉండె, చలికాలంలకు వచ్చె, వానకాలంలకు వచ్చె, మళ్ల ఎండకాలం చూసిన. బాకీల తారీఖులు గూడ దాని ఎనకనే జరుగుతుండె. ఎవరూ కాగితం మీద రాసుకోలే. ఈసారి ఫిబ్రవరిలనే రంజాన్ అంటే జరీ సేట్లు గూడ మార్చి దాకా నోరు తెరవరు. నీ పని పంచాంగం మీద, వాళ్ల పని చాంద్ మీద. కార్డు దేని మీద నడుస్తది? పదో తారీఖు మీద. దానికి రంజాన్ తెల్వదు, మూఢం తెల్వదు, ఆషాఢం తెల్వదు.

మేనకోడలు: నీ సేట్ చాంద్ చూసి ఊకుంటడు, నిజమే. అయితే ఆ ఊకున్నదానికి ధర లేదా? ఉద్దెర ధర వేరు, నగదు ధర వేరు. అదే దబ్కా నగదుకు కొంటె కిలోకు ఎంత తగ్గిస్తడో నువ్వే నాకు నేర్పినవ్. సరుకు ధరల దాసిన మిత్తి అది. కార్డోడు కనీసం అచ్చు వేసి చూపెడుతడు.

మామ: (నవ్వి) అది నేనే నేర్పిన. తప్పయింది.

ఇక్కడ వాదన ఆమె వైపు మొగ్గిందని ఒప్పుకోవాలి. బజారు అప్పులో మనిషి ముఖం ఉంటుందని మనం మురిసిపోతాం. ఆ ముఖం ఎంత తీసుకుంటోందో ఏ కాగితం మీదా ఉండదు. మామ కాగితాల్లోకే తిరిగి తల దూర్చాడు. లెక్కలు రాసేవాడికి మాటల్లో ఓడిపోవడం కొత్త కాదు. కాగితం ఆయన్ని ఎన్నడూ మోసం చేయలేదు.

మామ: ఒకటి అడుగుతా. నీ లెక్క ప్రకారం సెప్టెంబర్ నుంచి నువ్వు పదకొండు ఫోన్లు కొన్నవ్.

మేనకోడలు: (మాట లేదు)

మామ: అన్నీ ఒక్క దుకాణంలనే. అన్నీ శుక్రవారం సాయంత్రమే. నీ ఇంట్ల ఉన్నది ముగ్గురు. ఫోన్లు ఏమైనయ్?

మేనకోడలు: ఫోన్లు లేవు మామా. గీకిన.

కార్డు గీకడం అంటే పాతబస్తీలో ఎవరికీ వివరించక్కర్లేదు. స్వైపింగ్ మిషన్ ఉన్న దుకాణంలో ఇరవై వేలకు సరుకు కొన్నట్టు గీకుతారు. దుకాణదారు రెండున్నర శాతం తీసుకుని పందొమ్మిది వేల ఐదొందలు చేతిలో పెడతాడు. ఏటీఎంలో తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. ఇక్కడ అయితే నలభై రోజులు గడువు మిగులుతుంది. రెండో కార్డు గీకి మొదటి కార్డు బిల్లు కట్టడాన్ని రొటేషన్ అంటారు. సరుకు లేకుండా ఇలా గీకడం కార్డు షరతులకు విరుద్ధం. ఇలా గీకి ఇచ్చేవాళ్ల మీద పోలీసులు కేసులు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

మామ: ఎందుకే? సరుకుకు కార్డు ఉంది గదా, నగదు ఎందుకు?

మేనకోడలు: సరుకు కార్డు మీద వస్తది. శనివారం కార్డు మీద రాదు. నలుగురు కారీగర్లు, వారానికి పద్దెనిమిది వేలు. వాళ్ల మాస్టర్‌కు కార్డు చూపెడితే సూద్ సొమ్ము, మిత్తి సొమ్ము అంటడు, దూరం జరుగుతడు. ఆయన సొంతానికి అవసరమొస్తే భార్య గాజులు తీస్కపోయి తూర్ బైతుల్‌మాల్ల పెట్టి వడ్డీ లేని అప్పు తెచ్చుకుంటడు. కాని పండుగకు నా దగ్గర పేష్గీ తీసుకుంటడు, అదీ నోట్లల్లనే. ఇప్పుడు ఆయన మీద నాకు నలభై వేలు పేష్గీ ఉంది. నీకు నిజం చెప్పాల్నా? నా కార్డు బాకీల సగం ఈ నలుగురి పేష్గీలే. వాళ్లను పట్టుకొని ఉంచుకోనీకి. మూఢంల పని లేదని ఇద్దరికి సగం కూలీ ఇస్తున్న. ఇయ్యకపోతే ఫాల్గుణంల ముహూర్తాలు మొదలైననాడు ఇంకో కార్ఖానాల కూసుంటరు.

మామ: అంటే ఆయనకు సూద్ అంటలేదు, నీకు అంటుతున్నది.

ఇది విని మగ్గం దగ్గరున్న మాస్టర్ తల ఎత్తలేదు గానీ సూది ఒక్క క్షణం ఆగింది. ఆయనకు తెలుగు బాగానే వచ్చు.

మేనకోడలు: నేను ముందు నుంచి గీకలే మామా. మొదట్ల యాప్‌లుండె. కార్డు నుంచి ఎవరి ఖాతాకైన పంపొచ్చు. కిరాయి పంపిన, దారాల దుకాణానికి పంపిన, వాళ్ల దగ్గర మిషన్ లేకున్న. 2024 ఫిబ్రవరిల బిజినెస్ కార్డులకు ఆ దారి బంద్ అయింది. రిజర్వు బ్యాంకు వద్దన్నదని చెప్పిండ్రు. ఇంటి కార్డు తోని కిరాయి ఒక్కటి నడిపించుకున్న. 2025 సెప్టెంబర్ల కొత్త నిబంధనలు వచ్చినంక అదీ పోయింది. అప్పుడు పోయిన ఆ ఫోన్ల దుకాణానికి. రాత్రికి రాత్రి దారి మూసేస్తే శనివారం ఆగుతదా?

మామ: అగో, ఇప్పుడు నువ్వే చెప్పినవ్. నీ దుకాణం ఒకరి దారి మీద నిలబెట్టినవ్, ఆ దారి ఎవరిదో నీకు తెల్వది. సేట్ ఉద్దెర బంద్ చేస్తే ఎందుకని అడగొచ్చు, కొట్లాడొచ్చు, ఆయన తమ్ముని పట్టుకోవచ్చు. దీనికి ఎవరిని పట్టుకుంటవ్? లిమిట్ మూడు లక్షలున్నది రేపు లక్షన్నరకు తగ్గించి మెసేజ్ పంపితే? ఇంకో మాట. బిజినెస్ కార్డు సొమ్ము దేనికి వాడుతున్నరో చూసే ఏర్పాటు చేసుకోవాలె అని 2024 మార్చిల రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. జాకెట్లు కుట్టేటామెకు పదకొండు ఫోన్లు ఎందుకని వాళ్లడిగితే ఏం చెప్తవ్? నేనే ఏం రాయాలె ఈ ఖాతాల?

మేనకోడలు: అందుకే గదా నిన్ను పిలిచింది.

మామ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి కుర్తా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన కథ చెప్పబోతున్నాడని నాకు తెలుసు, ఆ తుడుచుకోవడం నలభై ఏళ్లుగా చూస్తున్నాను.

మామ: నువ్వు కోఠి ఉమెన్స్ కాలేజీల చదివినవ్. ఆ పెద్ద స్తంభాల బంగళా ఎవరిది?

మేనకోడలు: రెసిడెన్సీ. కిర్క్‌పాట్రిక్ కట్టించింది. దానికీ దీనికీ ఏం సంబంధం?

మామ: ఆ రెసిడెన్సీ నీడల 1810 తర్వాత విలియం పాల్మర్ అనేటాయన ఒక వడ్డీ కోఠీ పెట్టిండు. తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఈ దేశపు బేగం. అప్పుడు నిజాం సికందర్ జా, పెత్తనం చందూలాల్‌ది. ఫౌజుకు నెల నెలా జీతమియ్యాలె. ఖజానాకు శిస్తు ఎప్పుడొస్తది? పంట ఇంటికొచ్చినంక. జీతం నెలకు, శిస్తు పంటకు. నడిమిట్ల ఖాళీ. ఆ ఖాళీలకు పాల్మర్ వచ్చిండు. జీతాలు నేనిస్త, తర్వాత తీసుకుంట అన్నడు. మిత్తి ఏడాదికి నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు.

మేనకోడలు: రెండు రూపాయల మిత్తి.

మామ: నీదానిల సగం. ఆ సగానికే ఏమయిందో చూడు. బాకీ మీద బాకీ, 1820ల ఇంకో అరవై లక్షల అప్పు. చార్లెస్ మెట్‌కాఫ్ రెసిడెంట్‌గ వచ్చి లెక్కలు విప్పమన్నడు. ఆఖరికి 1823ల కుంపిణీ వాళ్లే పాల్మర్ బాకీ కట్టేసిండ్రు. ఊరికెనే గాదు. ఉత్తర సర్కారులు తీసుకున్నందుకు నిజాంకు ఏటా ఏడు లక్షల పేష్కష్ ఇచ్చెటోళ్లు, అది ఇగ ఎన్నటికీ ఇయ్యం అని రాయించుకున్నరు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా దేశం మీద వచ్చే ఆదాయం, సిపాయిల నెల జీతాల బాకీల కొట్టుకపోయింది. నువ్వు చేస్తున్నది అదే. పంటకు వచ్చే సొమ్ము నమ్ముకొని నెల జీతం అప్పు తెస్తున్నవ్.

మేనకోడలు: నాలుగు మగ్గాలకు నిజాం ఖజానాతో పోలిక పెట్టినవ్, సంతోషం మామా. కాని ఒకటి చెప్పు. నిజాం దగ్గర నెలనెలా స్టేట్‌మెంట్ ఉండెనా? లెక్కలు విప్పమంటే విప్పనీకి ఎన్నేండ్లు పట్టింది? నా బాకీ ఎంతనో నాకు ఈ ఫోన్ల ఒక్క నిమిషంల కనవడుతది. నా దగ్గర చందూలాల్ లేడు.

మామ: కనవడితే ఆగినవా?

మేనకోడలు: నువ్వు ఆగినవా? మీ దోస్తుకు బీసీ చిట్టిల జామీను సంతకం పెట్టినవ్. ఆయన చిట్టి ఎత్తుకొని పోయిండు. మూడేండ్లు నువ్వు కట్టినవ్. అత్తమ్మ పుస్తెలు తప్ప అన్నీ గిర్వికి పోయినయ్. ఏ మిత్తి లేదు దానికి, ఏ జీఎస్టీ లేదు. ముఖం చూసి ఇచ్చిన సంతకం.

గదిలో సూదుల చప్పుడు వినిపించింది. ఆ దోస్తు ఎవరో నాకు తెలుసు. మామ నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు.

పాల్మర్ కథకు మామ చెప్పని తోక ఒకటుంది. బాకీ వసూలైనా పాల్మర్ కోఠీ నిలవలేదు, మరుసటి ఏడాదికే మునిగింది. తీసుకున్నవాడే కాదు, ఇచ్చినవాడూ మునుగుతాడన్నమాట. బహుశా అందుకే ఇప్పటి బ్యాంకులు జాగ్రత్త పడతాయి. కార్డు బాకీలకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టుకోవాలని 2023 నవంబర్‌లో రిజర్వు బ్యాంకు రిస్క్ వెయిట్ పెంచి, బ్యాంకులకు 125 నుంచి 150 శాతం చేసింది. వడ్డీకి మాత్రం పైకప్పు లేదు. ఏటా 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అన్నది. సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న ఆ తీర్పు కొట్టేసింది. రేట్ల సంగతి రిజర్వు బ్యాంకు చూసుకోవాలి గానీ కమిషన్ పని కాదంది. అది చట్టపరంగా సరే కావచ్చు. లాల్‌దర్వాజ మేడ మీద అది నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలే.

మామ: (మెల్లగా) ఆ సంతకం తప్పే. అందుకే చెప్తున్న. దెబ్బ తిన్నోడు చెప్పకపోతే ఎవరు చెప్తరు?

మేనకోడలు: అయితే కార్డు కత్తిరించి పారెయ్యమంటవా?

మామ: అనను. 1981ల ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చింది. మన దిక్కు మేము చూసిన మొదటి కార్డు అదే. మా సేట్ దానికి దండం పెట్టి గల్లా పెట్టెల పెట్టిండు, ఎన్నడూ బయటికి తియ్యలే. అట్లా చెయ్యమంటలేను. ఊరికి పోయే టికెట్, కొరియర్, కరెంట్ బిల్లు, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు, అట్లాంటివి పెట్టు. నెలల ఖతం అయ్యే ఖర్చు, నెలల కట్టగలిగేటిది. మూడు నెలలు పోయినంక పైసలయ్యే పనికి మాత్రం నెల అప్పు పెట్టకు. దానికి బ్యాంకుల క్యాష్ క్రెడిట్ అడుగు, ముద్ర అడుగు. మిత్తి రూపాయికి అటు ఇటు ఉంటది, నాలుగు గాదు.

మేనకోడలు: అడిగిన. రెండుసార్లు తిరిగిన. అడ్రస్ చూసి మొఖం మారుస్తరు మామా, పాతబస్తీ అనంగనే. కార్డు ఇచ్చిన పోరడు ఇంటికొచ్చిండు, బ్యాంకు మేనేజర్ కుర్సీల కూసొమ్మనలే. 2025 బడ్జెట్ల ఉద్యమ్ ఉన్నోళ్లకు అయిదు లక్షల కార్డు ఇస్తమన్నరు, మొదటి ఏడు పది లక్షల కార్డులు అన్నరు. సర్కారే కార్డు అంటుంటే నువ్వు వద్దంటవ్.

మామ: వద్దనలే. ఇస్తే తీసుకో. తీసుకునే ముందు వెనక సన్న అక్షరాలు నాకు చూపెట్టు. ఆ ముద్రకు గూడ మూడోసారి పోదాం, నేనొస్త. నా గడ్డం చూసి కూసొమ్మంటడేమో.

మేనకోడలు: మళ్ల నీ జామీనే!

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పదేళ్ల కింద జరీ సేట్ ఆమె ముఖం చూడలేదు. పదేళ్ల తర్వాత బ్యాంకు మేనేజరూ చూడలేదు. ఈ మధ్యలో ఆమెను కూర్చోబెట్టి మాట్లాడింది కార్డు అమ్మే కుర్రవాడొక్కడే, కమీషన్ కోసమే అయినా. నాలుగు రూపాయల మిత్తిని జనం ఎందుకు ఎత్తుకుంటారో మామ లెక్కల్లో లేదు. ఆమె మాటల్లో ఉంది.

ఇంకా ఒక చిన్న గొడవ జరిగింది. కొరియర్ పనులు చూసే కుర్రవాడికి ఆమె యాడ్-ఆన్ కార్డు తీసిచ్చింది. వాడు ఏది కొన్నా బిల్లు ఈమె పేరు మీదే. వాడు ఎవరికైనా ఓటీపీ చెప్పాడంటే బ్యాంకుకు కబురు చేసేదాకా పోయిన సొమ్మంతా ఈమెదే. మామ ఆ కార్డు అక్కడికక్కడే బ్లాక్ చేయించాడు. ఆన్‌లైన్ మోసం జరిగితే 1930కి ఫోన్ చెయ్యమని ఒక చీటీ రాసి మగ్గం పక్క గోడకు అంటించాడు. ఆ విషయంలో ఆమె వాదించలేదు.

మేనకోడలు: సరే మామా, బిల్లు తేదీ మార్చుకోవచ్చు. ఒకసారైనా మనకు నచ్చినట్టు మార్చనియ్యాలె అని రిజర్వు బ్యాంకు రూల్ ఉంది. యాప్ తెరిచిన. ఏ తారీఖు పెట్టాలె?

మామ గోడ మీది పంచాంగం దింపాడు. ఫాల్గుణం, చైత్రం, వైశాఖం, ముహూర్తాల వరసలు వేలితో నడిపాడు. ఆషాఢం దగ్గర వేలు ఆగింది. ఫోన్లో ఆమె తెరిచిన పేజీలో ఒకటి నుంచి మొదలుకొని అంకెలు వరసగా ఉన్నాయి, ఏ అంకెకూ పేరు లేదు. ఇటు పుస్తకం, అటు ఫోన్. ఆయన రెండింటినీ చాలాసేపు చూశాడు.

మామ: ఏది పెట్టినా మూఢంల తప్పుతది. పదిహేను పెట్టు, కట్టుడు అయిదుకు వస్తది. బొటిక్‌లోళ్లు నెల మొదటి వారంలనే ఎంతో కొంత ఇస్తరంటివి గదా.

మగ్గాల దగ్గర ఇద్దరూ లేచారు. సూదులు దిండుకు గుచ్చి, చేతులు కడుక్కుని, తలుపు దగ్గర నిలబడ్డారు. కప్పి ఉన్న మగ్గాల కారీగర్లు కూడా కింది నుంచి మెట్లెక్కి వచ్చారు. శనివారం. ఆమె పర్సు తెరిచి, మూసి, మామ వైపు చూసింది. ఫోన్ల దుకాణం ఇంకా తెరిచే ఉంటుంది, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

మామ లోపలి జేబులోంచి కవరు తీశాడు. పెన్షన్ రోజే అనుకుంటాను. పద్నాలుగు వేలు లెక్కపెట్టి చాప మీద పెట్టాడు. మూఢంలో ఈ వారానికి అంతే కావాలి. మాస్టర్ ముందు వచ్చి తన వంతు తీసుకుని, సలాం చేసి పోయాడు. మిగతావాళ్లూ పోయాక మామ తన ఎర్ర పుస్తకం తెరిచి, ఆమె పేరు కింద పద్నాలుగు వేలు వేశాడు.

మేనకోడలు: ఎన్నటికియ్యాలె మామా?

మామ: నీ పెళ్లిళ్లు కానీ. తొందరేముంది.

మేనకోడలు: అట్లొద్దు. మీ దోస్తుకు గూడ గట్లనే అన్నవ్. తారీఖు రాయి.

ఆయన కలం ఆపి ఆమెను చూశాడు. తర్వాత పంచాంగం మళ్లీ దగ్గరికి లాక్కుని, మార్చి నెల పేజీ తిప్పాడు.